ఇంట్లో ఫలాఫెల్: నానబెట్టడం నుంచి నూనెలో వేయించే దాకా

ఫలాఫెల్ అంటే నానబెట్టిన సెనగల్ని రుబ్బి, ఆకులూ మసాలాలూ కలిపి నూనెలో వేయించే అరబ్బుల వంటకం. దీన్ని చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: నూనెలో వేయగానే విడిపోతోంది, ఏం చేయాలి? ఆ తర్వాత వచ్చేది, పైన గట్టిపడి లోపల పిండిముద్దలా ఎందుకు ఉంటోందని. ఈ రెండింటికీ మూలం దాదాపు ఎప్పుడూ తడే. సెనగల్లో తడి ఎంత ఉంది, ఆకుల్లో ఎంత ఉంది, ఉల్లిపాయ ఎంత నీరు వదిలింది అన్నవి చూసుకుంటే మిగతా పని తేలిక. మసాలా వడకు సెనగపప్పు నీళ్లు పోయకుండా రుబ్బే అలవాటున్న చేతికి ఇందులో సగం ముందే తెలుసు.

ఇక్కడ చెప్పేది లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ వైపు చేసే సెనగల ఫలాఫెల్. ఈజిప్టువాళ్లు బాకలా గింజలతో (ఫావా బీన్స్) చేసే తామియా గురించి చివర్లో ఉంది.

1. ఏమేం కావాలి

25 గ్రాముల చొప్పున 26 నుంచి 28 దాకా వస్తాయి. నలుగురికి రొట్టెతో సరిపోతాయి.

- ఎండు కాబూలీ సెనగలు: 250 గ్రాములు
- ఉల్లిపాయ: 100 గ్రాములు, మధ్యరకం ఒకటి
- వెల్లుల్లి: 6 రెబ్బలు
- పార్స్‌లీ: 40 గ్రాములు, ఆకులూ లేత కాడలూ
- కొత్తిమీర: 40 గ్రాములు
- జీలకర్ర: 2 టీస్పూన్లు
- ధనియాలు: 1 టేబుల్‌స్పూన్
- మిరియాల పొడి: అర టీస్పూన్
- ఉప్పు: 10 గ్రాములు, అంటే సుమారు ఒకటిముప్పావు టీస్పూన్
- నువ్వులు: 1 టేబుల్‌స్పూన్
- వంటసోడా: అర టీస్పూన్, లేదా బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్
- వేయించడానికి నూనె: 750 మిల్లీలీటర్లు

పార్స్‌లీ హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. దొరకకపోతే కొత్తిమీర 65 గ్రాములు, పుదీనా 15 గ్రాములు వేయండి. రుచి కొంచెం మారుతుంది కానీ చెడదు. పుదీనా అంతకు మించితే మాత్రం పచ్చడి వాసన వస్తుంది.

జీలకర్ర, ధనియాలు పొడి డబ్బాలోంచి తీయకుండా అప్పటికప్పుడు వేయించి దంచండి. మసాలాలు తక్కువగా ఉన్న వంటకంలో ఈ రెండే ముందు తగులుతాయి.

సెనగల విషయంలో ఒక జాగ్రత్త. ఏడాది పాతబడి డబ్బా అడుగున మిగిలిపోయినవి ఎంత నానినా మధ్యలో గట్టిగానే ఉండిపోతాయి. కొత్త సరుకు కొనండి. నల్ల సెనగలతో చేస్తే తొక్క మందం వల్ల గరుకుగా, ముదురు రంగులో వస్తాయి.

రాజ్మాతో మాత్రం ఎప్పుడూ చేయకండి. దానిలో సహజంగా ఉండే విషపదార్థం గట్టిగా ఉడికిస్తేనే పోతుంది. నానబెట్టి, రుబ్బి, నాలుగు నిమిషాలు వేయిస్తే పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

2. నానబెట్టడం, ఉడికించకుండా

సెనగలు ఉడికించకూడదు. డబ్బాలో వచ్చే ఉడికిన సెనగలు కూడా పనికిరావు. పచ్చి సెనగలో ఉన్న పిండిపదార్థం నూనె వేడికి లోపలి తడిని పీల్చుకుని ఉబ్బి, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. ఉండ నిలబడేది ఆ పట్టుతోనే. ఉడికిన సెనగలో ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. నూనెలో పడ్డాక పట్టుకోవడానికి ఏమీ మిగలదు. మైదా కలిపి నిలబెట్టవచ్చు గానీ, అప్పుడు తినేది మైదా ఉండే.

1. సెనగలు ఏరి, రెండుసార్లు కడిగి, పెద్ద గిన్నెలో వేయండి.
2. లీటరుంబావు నీళ్లు పోయండి. సెనగలు రెండింతలకు పైగా ఉబ్బుతాయి కాబట్టి గిన్నె చిన్నదైతే పైవి బయటపడి ఎండిపోతాయి.
3. కనీసం 12 గంటలు, వీలైతే 18 గంటలు ఉంచండి. 24 గంటలు దాటనివ్వకండి.
4. మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి.

ఎండాకాలంలో బయట ఉంచితే ఎనిమిది గంటలకే నురగ కట్టి పులిసిన వాసన మొదలవుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మొదటి నాలుగు గంటలు బయట ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి.

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్న ఊళ్లలో పప్పులు ఆలస్యంగా మెత్తబడతాయన్నది తెలిసిన సంగతే. అలాంటి చోట తాగే నీళ్లతో నానబెట్టండి. అదీ కుదరకపోతే నానే నీళ్లలో పావు టీస్పూన్ వంటసోడా వేసి, తర్వాత మూడుసార్లు బాగా కడగండి.

నానిందో లేదో చూడడానికి ఒక గింజను వేళ్ల మధ్య పెట్టి రెండు బద్దలుగా విడదీయండి. లోపలంతా ఒకే రంగులో ఉండాలి. మధ్యలో తెల్లటి పొడి చుక్క కనిపిస్తే ఇంకా మూడు నాలుగు గంటలు కావాలి. గోరు గుచ్చితే తేలిగ్గా దిగాలి.

3. ఆరబెట్టడం

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. విడిపోయే ఫలాఫెల్‌లో సగం ఇక్కడే పుడుతుంది.

సెనగల్ని చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వంపి, పొడి బట్ట మీద ఒకే వరుసగా పరవండి. పైనుంచి మరో బట్టతో అద్ది, ఫ్యాన్ కింద అరగంట ఉంచండి. పైన నిగనిగలాడే తడి కనిపించకూడదు. లోపలి తడి అలాగే ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు.

కొత్తిమీర, పార్స్‌లీ కూడా ముందురోజే కడిగి, బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. అప్పటికప్పుడు కడిగిన ఆకుకూర ఎంత దులిపినా రెండు మూడు చెంచాల నీళ్లు మోసుకొస్తుంది. 700 గ్రాముల ముద్దలో ఆ మూడు చెంచాలు చాలు ఉండ చితికిపోవడానికి.

ఉల్లిపాయ సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాల తర్వాత గుప్పిట్లో పట్టి పిండేయండి.

రుబ్బే ముందు ఒకసారి చూసుకోండి:

- సెనగలు చేతికి తడి అంటడం లేదు
- ఆకులు పొడిగా ఉన్నాయి
- ఉల్లిపాయ నీరు పిండేశారు
- మిక్సీ జార్ లోపల పొడిగా తుడిచారు

4. రుబ్బడం

లెబనాన్, సిరియాల్లో దీనికి కీమా మిషన్ వాడతారు, ఎందుకంటే అది నలపకుండా తరుగుతుంది. ఇంట్లో ఫుడ్ ప్రాసెసర్ ఉంటే పని సులువు. మిక్సీతోనూ కుదురుతుంది, ఓపిక కావాలి. వెట్ గ్రైండర్ వద్దు. అది ఎంత జాగ్రత్తగా ఆపినా పేస్టు చేసేస్తుంది.

మిక్సీలో వచ్చే చిక్కు తెలిసిందే. అడుగున మెత్తటి పేస్టు, పైన నలగని గింజలు. అందుకే ఇలా చేయండి:

1. సెనగల్ని నాలుగు భాగాలు చేయండి. జార్ సగానికి మించి నింపకండి.
2. మీటను ఎడమవైపు తిప్పి ఒక్కో సెకను చొప్పున ఆపి ఆపి వేయండి. నాలుగైదుసార్లకు ఒకసారి మూత తీసి, గరిటెతో అడుగుది పైకి తేవాలి.
3. ఒక్క చుక్క నీళ్లు పోయకూడదు. బ్లేడు తిరగడం లేదంటే జార్‌లో సెనగలు ఎక్కువయ్యాయని అర్థం.
4. చివరి వాయిలో వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి తిప్పండి.
5. ఆకుల్ని మిక్సీలో వేయకుండా కత్తితో సన్నగా తరిగి, విడిగా కలపండి. మిక్సీలో అవి రసం వదులుతాయి.

ఎంత బరకగా ఉండాలి? ఇడ్లీ రవ్వంత. మసాలా వడకు పప్పు బద్దలు అక్కడక్కడా కనిపించడం బాగుంటుంది, ఇక్కడ అది కుదరదు. సగం గింజ మిగిలినా ఆ చోట ఉండ పగులుతుంది. అలాగని గారెల పిండిలా మెత్తగా అయితే లోపల గాలి ఆడక ముద్దకడుతుంది.

గుప్పెడు తీసుకుని నొక్కి చేయి తెరవండి. ముద్ద నిలబడాలి, బొటనవేలితో నొక్కితే విరగాలి. నొక్కగానే వేళ్ల మధ్య నుంచి నీరు కనిపిస్తే తడి ఎక్కువ. నిలబడకుండా పొడిగా రాలితే ఇంకా నలగాలి. అప్పుడు మొత్తం మళ్లీ తిప్పకుండా మూడో వంతు మాత్రం తీసి మరికాస్త మెత్తగా చేసి కలపండి. బైండింగ్ దానంతట అదే వస్తుంది.

5. కలపడం, ఫ్రిజ్‌లో ఉంచడం

రుబ్బిన సెనగల్లో ఆకులు, జీలకర్ర పొడి, ధనియాల పొడి, మిరియాల పొడి, ఉప్పు వేసి వేళ్లతో తేలిగ్గా కలపండి. చపాతీ పిండిలా మర్దించవద్దు. మూత పెట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ గంటలో తడి అంతటా సమంగా సర్దుకుంటుంది, చల్లబడ్డ ముద్ద చేతికి లొంగుతుంది.

వంటసోడా ఇప్పుడే వేయకండి. తడి తగలగానే దాని పని మొదలవుతుంది, గంటసేపు ఫ్రిజ్‌లో ఉంటే గాలంతా పోతుంది. నూనె పొయ్యి మీద పెట్టాక, ఉండలు చుట్టే ముందు, నువ్వులతో పాటు చల్లి కలపాలి. కొలత మించకూడదు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పైన త్వరగా నల్లబడుతుంది కూడా.

సెనగపిండి, మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి ఏదీ అక్కర్లేదు. ముద్ద తడిగా ఉండి వేరే దారి లేనప్పుడు మాత్రం సెనగపిండి ఒక్కో టేబుల్‌స్పూన్ వేస్తూ చూడండి. మూడు దాటితే ఫలాఫెల్ పోయి పకోడీ మిగులుతుంది.

6. ఆకారం

అరబ్బు దేశాల్లో దీనికి అలెబ్ అనే చిన్న లోహపు అచ్చు ఉంటుంది. ముద్దను నింపి, మీట నొక్కితే బిళ్ల బయటికి జారుతుంది. ఇంట్లో చిన్న ఐస్‌క్రీమ్ స్కూపు సరిపోతుంది. తడి చేత్తో చుట్టినా చాలు.

ఒక్కొక్కటి 25 గ్రాములు, నిమ్మకాయ కంటే కాస్త చిన్నది. గుండ్రంగా చుట్టి, అటూ ఇటూ కొంచెం అదిమి, రెండు సెంటీమీటర్ల మందం ఉండేలా చేయండి. మరీ పెద్దగా చేస్తే లోపల ఉడికేలోపు పైన మాడుతుంది.

లడ్డూలా గట్టిగా బిగించకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. విడిపోతుందేమోనన్న భయంతో బిగిస్తాం, దాంతో లోపల గుల్లగా రావాల్సింది రాయిలా వస్తుంది. అంచులు చెదరకుండా పట్టి ఉంటే చాలు.

7. వేయించడం

20 సెంటీమీటర్ల వెడల్పున్న లోతైన బాణలి తీసుకోండి. నూనె ఉండ మునిగేంత లోతు ఉండాలి. పొద్దుతిరుగుడు, వేరుసెనగ, తవుడు నూనె ఏదైనా సరే.

వేడి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు ముద్ద వేయండి. అడుగుకు వెళ్లి మూడు నాలుగు సెకన్లలో బుడగలతో పైకి తేలితే సరిగ్గా కాగినట్టు. వేయగానే పైకి లేచి రంగు మారితే ఎక్కువ కాగింది. అడుగునే కూర్చుంటే ఇంకా కాగాలి.

1. ముందు ఒక్కటే వేయండి. విడిపోయినా, ఉప్పు తగ్గినా మిగతా 26 చేతిలోనే ఉంటాయి కాబట్టి సరిదిద్దుకోవచ్చు.
2. తర్వాత వాయికి ఐదారు. ఎక్కువ వేస్తే నూనె చల్లబడి, ఉండలు నూనె పీలుస్తాయి.
3. వేశాక నిమిషంపాటు గరిటె పెట్టకండి. పైపొర అప్పుడే గట్టిపడుతోంది, కదిపితే అక్కడే చిట్లుతుంది.
4. నిమిషం దాటాక నెమ్మదిగా తిప్పండి. మొత్తం నాలుగు నుంచి ఐదు నిమిషాలు. బంగారు రంగు దగ్గర ఆపకండి, ముదురు గోధుమరంగు రావాలి.
5. చిల్లుల గరిటెతో తీసి జాలీ మీద పెట్టండి. పేపరు మీద గుట్టగా పోస్తే ఆవిరికి అడుగువి మెత్తబడతాయి.
6. వాయికీ వాయికీ మధ్య రాలిన పొట్టు తీసేసి, నూనె మళ్లీ కాగనివ్వండి. పొట్టు మాడితే తర్వాతి వాయికి చేదు పడుతుంది.

ఒకటి విరిచి చూడండి. లోపల ఆకుపచ్చగా, గుల్లగా, పొగలు కక్కుతూ ఉండాలి. పచ్చి సెనగ రుచి తగిలితే సెగ తగ్గించి మరో నిమిషం ఉంచాలి.

నూనె తక్కువ కావాలనుకుంటే గుంత పొంగణాల పెనం వాడండి. గుంతకు ఒకటిన్నర టీస్పూన్ నూనె పోసి, మధ్యరకం సెగ మీద ఒక్కో వైపు నాలుగేసి నిమిషాలు. పెనం ఫలాఫెల్‌కు అచ్చు పోసినట్టే సరిపోతుంది. ఎయిర్ ఫ్రయర్ అయితే ఉండలకు నూనె పూసి 190 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ. తినడానికి బాగానే ఉంటాయి కానీ పైపొర పొడిగా వస్తుంది. నూనెలో వేగిన కరకర దానిలో రాదు.

8. ఎక్కడ తప్పింది, ఎలా సరిచేయాలి

నూనెలో విడిపోతోంది. మొదట నూనె వేడి చూడండి, చల్లగా ఉంటే పైపొర కట్టదు. వేడి సరిగ్గానే ఉంటే ముద్దను నొక్కి చూడండి. తడి కనిపిస్తే పలుచని బట్టలో వేసి పిండి, ఒక టేబుల్‌స్పూన్ సెనగపిండి కలపండి. తడి లేకుండా రాలిపోతుంటే మూడో వంతు మళ్లీ రుబ్బండి.

పైన మాడి లోపల పచ్చిగా ఉంది. నూనె 190 దాటింది, లేదా ఉండ పెద్దది. సెగ తగ్గించి, ఉండను ఇంకాస్త అదమండి.

లోపల ముద్దగా, గట్టిగా ఉంది. మెత్తగా రుబ్బారు, లేదా బిగించి చుట్టారు. మెత్తబడ్డ ముద్దను వెనక్కి తేలేం. బేకింగ్ పౌడర్ మరో అర టీస్పూన్ వేసి, పలుచటి బిళ్లలుగా చేస్తే తినేలా వస్తాయి.

నూనె పీల్చింది. నూనె 160 కంటే చల్లగా ఉంది, లేదా వాయికి ఎక్కువ వేశారు.

పొడిపొడిగా గొంతుకు అడ్డుపడుతోంది. సెనగలు సరిగ్గా నానలేదు, లేదా ఆకులు తక్కువయ్యాయి. 250 గ్రాముల సెనగలకు 80 గ్రాముల ఆకు ఎక్కువ అనిపిస్తుంది కానీ కాదు. లోపలి మెత్తదనం దాని నుంచే.

9. తహీనీ సాస్

తహీనీ అంటే నువ్వుల ముద్ద. దొరక్కపోతే 150 గ్రాముల నువ్వుపప్పును సన్నని సెగ మీద ఐదు నిమిషాలు రంగు మారకుండా వేయించి, పూర్తిగా చల్లార్చి, రెండు మూడు టేబుల్‌స్పూన్ల పొద్దుతిరుగుడు నూనెతో జారుగా అయ్యేదాకా తిప్పండి. పొట్టున్న నువ్వులతో చేస్తే చేదు వస్తుంది.

సాస్‌కు: తహీనీ 100 గ్రాములు, నిమ్మరసం 2 టేబుల్‌స్పూన్లు, నూరిన వెల్లుల్లి 1 రెబ్బ, ఉప్పు అర టీస్పూన్, చల్లటి నీళ్లు 80 నుంచి 100 మిల్లీలీటర్లు.

నిమ్మరసం పడగానే తహీనీ బిగుసుకుని సిమెంటులా అవుతుంది. పాడైందని పారేయకండి. చల్లటి నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గిలకొట్టండి. కొద్దిసేపటికి తెల్లబడి, గరిటె జారుగా వస్తుంది. ఫలాఫెల్ మీద పోస్తే మెల్లగా జారాలి.

10. వడ్డించడం, దాచడం

పీతా రొట్టె, లేదా గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు కుబ్బూస్ అని పిలిచే రొట్టె వేడిచేసి, టమాటా, కీరా, పార్స్‌లీ వేసి, మూడు నాలుగు ఫలాఫెల్ చితిపి, పైన సాస్ పోసి చుట్టండి. పుల్లటి ఊరగాయ ముక్క తప్పనిసరి. లెబనాన్, సిరియా వైపు వాడేది గులాబీ రంగు టర్నిప్. 300 గ్రాముల టర్నిప్ పొడుగు ముక్కలు, రెండు బీట్‌రూట్ ముక్కలు సీసాలో వేసి, 200 మిల్లీలీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల వెనిగర్, 15 గ్రాముల ఉప్పు కలిపి పోయండి. మన వేడికి మూడు రోజుల్లో తయారు, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టాలి.

సాయంత్రం ఏడింటికి వడ్డించాలంటే:

- ముందురోజు రాత్రి 9: సెనగలు నానబెట్టడం, ఆకులు కడగడం
- ఉదయం 7: నీళ్లు మార్చడం
- మధ్యాహ్నం 3:30: వంపి ఆరబెట్టడం
- 4:30: రుబ్బడం, కలపడం
- 5:15: ఫ్రిజ్‌లో
- 6:15: సాస్, కూరగాయలు
- 6:30: సోడా, నువ్వులు కలిపి చుట్టి వేయించడం

సోడా కలపని ముద్ద ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో అయితే సంచిలో పలచగా పరిచి నెల రోజులు. వాడే ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చండి, కరిగాక చేరిన నీటిని వంపేయండి, ఆ తర్వాతే సోడా. వేయించినవి మిగిలితే 180 డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలు. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా అవుతాయి.

11. ఈజిప్టు తామియా కోసం మార్పులు

సెనగల బదులు పొట్టు తీసిన ఎండు బాకలా బద్దలు 250 గ్రాములు, 12 గంటలు నానితే చాలు. పొట్టున్నవి తెస్తే ఒక్కోటి ఒలవాలి, కాబట్టి ఒలిచినవే కొనండి. ఆకుల్లో పార్స్‌లీ, కొత్తిమీరలతో పాటు 20 గ్రాముల డిల్, అంటే మన మార్కెట్లో సోయకూర. ఉల్లిపాయలో సగం బదులు లీక్ లేదా ఉల్లికాడలు. బాకలా సెనగ కంటే మెత్తగా నలుగుతుంది కాబట్టి మరికాస్త సన్నగా రుబ్బినా గుల్లగానే వస్తుంది. పలుచటి బిళ్లలుగా తట్టి, ఒకవైపు నువ్వులు, నలిపిన ధనియాలు అద్ది, మూడున్నర నిమిషాలు వేయిస్తే చాలు.

జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లు బాకలా అసలు తినకూడదు. వాళ్లలో అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే సెనగలతోనే చేయండి, బాకలా వేయించిన నూనెను వాళ్లకు చేసే వంటకు వాడకండి.